కారేపల్లి నుంచి దమ్మపేట దాకా పెరిగిన ఎలుగుబంటి

ఇరవై ఏళ్లకు పైగా చర్చి కూటాల్లో నేను చెప్పుకుంటూ వచ్చిన సాక్ష్యం ఒకటుంది. ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోతే ఎలుగుబంటి ఎదురొచ్చిందనీ, నేను చేతులెత్తి ప్రార్థించగానే వెనక్కి మళ్లిందనీ. అందులో ఇప్పపువ్వు నిజం. ఎలుగుబంటి కూడా నిజమే. మిగతాది సరిచేయాల్సి ఉంది.

మొదటిసారి చెప్పింది కారేపల్లిలో, యువజన కూటంలో. నాకంటే ముందు ఒకాయన లేచి, సారా తాగి సంసారం గుల్ల చేసుకొని, చివరికి ప్రభువు దగ్గరికి వచ్చిన కథ చెప్పాడు. జనం కళ్లు తుడుచుకుంటుండగానే నా పేరు పిలిచారు. నాకు సారా లేదు, జైలు లేదు. నడక వచ్చిన నాటి నుంచి అమ్మ కొంగు పట్టుకొని చర్చికి పోయినవాణ్ణి. అంత చప్పిడి బతుకుతో మైకు ముందు ఎట్లా నిలబడను? అందుకే ఎలుగుబంటిని పట్టుకొచ్చాను. కారేపల్లిలో అది వెనక్కి మళ్లింది. ముదిగొండకు వచ్చేసరికి తల వంచింది. దమ్మపేటలో ముందుకాళ్లు మడిచి మోకరించింది. ఆ రోజు మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, నన్ను అదోరకంగా చూశారు గానీ హల్లెలూయాల హోరులో నేను పట్టించుకోలేదు.

ఊహ తెలిసినప్పటి నుంచి ఆ సాక్ష్యాన్ని ప్రతిసారీ ముందు వరుసలో కూర్చొని విన్నది మా అక్క కూతురు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, సండే స్కూల్లో చిన్నపిల్లలకు వాక్యాలు నేర్పుతుంది. పోయిన వేసవిలో బాప్తిస్మానికి పేరిచ్చింది. ఇంకా నెల ఉందనగా, తల్లితో బీడీల తునికాకు కోసుకొని తిరిగొస్తుంటే ఊరి చివర ఓ కుక్క మొరుగుతూ మీదికొచ్చింది. అక్క రాయి అందుకుంది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. ఆకు మూట దింపి, కళ్లు మూసుకొని, రెండు చేతులూ పైకెత్తింది.

కుక్క పిక్క పట్టుకుంది.

నేను దవాఖానాకు ఉరికేసరికి మొదటి సూది అయిపోయింది.

"వచ్చిండు ఎలుగుబంటి భక్తుడు," అంది అక్క. "రాయి తీస్తే వద్దన్నది తమ్మీ! మామ చేతులెత్తితే ఎలుగే పోయిందట, కుక్క ఎంత అని!"

పిల్ల ఏడవడం లేదు. "మామా, నా పేరు తీసెయ్యమని అయ్యగారికి చెప్పు," అంది.

"ఏందే, ఒక్క సూదికే?"

"సూదికి కాదు. నీకు ఎలుగుబంటే మోకరించింది. నాకు ఊరకుక్క గూడ ఆగలే. నాకు విశ్వాసం లేదని గా కుక్కకు తెలిసిపోయింది. ఇగ సండే స్కూల్ గూడ చెప్ప."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. "ఎలుగుబంటి అడవిది బిడ్డా, దానికి భయం ఉంటది. కుక్క ఊర్లది, దానికి భయం తక్కువ," అన్నాను.

"అంటే దేవుడు ఊర్లకు రాడా మామా?"

మూడు రోజులు అన్నం సహించలేదు. రెండో సూదికి నా బండి మీదే తీసుకుపోయాను. దవాఖానా బల్ల మీద వంతు కోసం కూర్చున్నప్పుడు నోరు విప్పాను.

"ఎలుగు నన్ను చూడనే లేదే. నేనే చూసి, గంప పారేసి చెట్టెక్కిన. ఒక్క వాక్యం యాదికి రాలే. అమ్మా, అమ్మా అన్న, గంతే. అది నా గంపల పువ్వంతా తిని పోయింది."

"మోకరించలే?"

"తినేతందుకు వంగింది."

"ఎలుగులు చెట్టెక్కుతయి మామా," అంది.

"దిగినంక తెలిసింది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "సండే స్కూల్ పిల్లలకు గూడ ఎలుగు మోకరించిందనే చెప్పిన నేను," అంది. ఆ మాట నన్ను కుక్క కంటే గట్టిగా పట్టుకుంది. మళ్లీ తనే అడిగింది. "మరి దిగినంక ఏం చేసినవ్?"

"ఇంటికి పోయిన. ఆదివారం చర్చికొచ్చిన."

"గంతేనా?"

"గంతే. దాని తర్వాతి ఆదివారం గూడ వచ్చిన. ఇప్పటిదాకా గదే చేస్తున్న."

"గిది నాకొక్కదానికి చెప్పుడు కాదు, మైకుల చెప్పు. అప్పుడు చూద్దాం," అని సూదికి లోపలికి పోయింది.

ఆ ఆదివారం మైకు పట్టుకున్నాను. చెట్టు, గంప, అమ్మా అనే కేకా, అన్నీ చెప్పాను. ఒక్క హల్లెలూయా రాలేదు. ముందు వరుసలో ఉన్న ఓ ముసలమ్మ మాత్రం, "మోకరించలేదా నాయనా? నా మనవలకు చెప్పుకుంటినే!" అని వాపోయింది. అయ్యగారు మైకు తీసుకుంటూ నా చెవిలో, "ఇన్నాళ్లకు నమ్మదగ్గ ఎలుగుబంటిని చూపించావయ్యా," అన్నారు. ఆఖరి వరుసలో మా పిల్ల తల ఎత్తలేదు. కానీ ఆరాధన అయ్యాక చిన్నపిల్లల్ని పోగేసి కూర్చోబెట్టి, "ఎలుగుబంటి సంగతి మళ్లొకసారి చెప్తా," అనడం గుమ్మంలోంచి విన్నాను.

సూదులన్నీ అయ్యాయి. పేరు తీసెయ్యమన్న మాట పిల్ల మళ్లీ ఎత్తలేదు. తొలకరి పడి వాగులో నడుము లోతు నీళ్లొచ్చాయి. బాప్తిస్మానికి ముందు సాక్ష్యం చెప్పమంటే ఒడ్డున నిలబడి పిల్ల ఇట్లా చెప్పింది.

"నన్ను కుక్క కరిచింది. ప్రార్థన చేస్తుంటేనే కరిచింది. ఐదు సూదులు వేసిన్రు. నేనింకా ప్రార్థన చేస్తున్న. రేపు గూడ చేస్త."

మా సంఘంలో అంత పొట్టి సాక్ష్యం నేను వినలేదు. ఎవరికీ ఏం చేయాలో తోచక, ముసలమ్మే ముందుగా ఆమెన్ అంది.

పిల్ల నీళ్లలోకి దిగుతుంటే అవతలి ఒడ్డున ఏదో కుక్క కనబడింది. ఇవతల అక్క అప్పటికే రాయి పట్టుకొని నిలబడి ఉంది. పిల్ల ఒకసారి కుక్కను చూసింది, ఒకసారి తల్లి చేతిలో రాయిని చూసింది. ఈసారి వద్దనలేదు. అప్పుడు కళ్లు మూసుకుంది.