పిప్పి కోసం కొన్న బకెట్

మా ఆయన నడుము చెరకు మోపు కింద పోయింది. విశాఖలో డాక్టరు ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి, ఇకమీదట బరువెత్తొద్దు, వంగొద్దు అన్నాడు. ట్రాక్టరు నడపడంలాంటి కూర్చుని చేసే పనైనా చెయ్యొచ్చా అని మేం అడగలేదు. అడిగితే అదీ వద్దంటాడేమోనని ఇద్దరం నోరు మూసుకుని బస్సెక్కాం.

మాది చోడవరం నుంచి కె.కోటపాడు వెళ్ళే దారిలో ఒక ఊరు. నేను చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఆయనది వ్యవసాయం, కొంత చెరకు, కొంత వరి. మా వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కూలీలని పెట్టుకోరు, ఒకరికొకరు బదులు పని చేసుకుంటారు. ఈరోజు వాళ్ళొచ్చి మా చెరకు నరికితే, మరో రోజు మా ఆయన వెళ్ళి వాళ్ళ పెంటకుప్ప లోంచి గత్తం, అదే పేడ ఎరువు, పొలానికి మొయ్యాలి. డబ్బు మాటే రాదు. ఎవరి పని ముందు, ఎవరిది వెనక అన్నది ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడి తేల్చుకుంటారు. ప్రసంగం కన్నా ఆ కబుర్లే ఎక్కువసేపు సాగుతాయి. ఎండలో నిలబడలేక నేను విసుక్కునేదాన్ని.

నడుము పోయాక వచ్చిన మొదటి ఆదివారం ఆయన ఆ గుంపుకి కాస్త ఎడంగా నిలబడ్డాడు. గుంపులో పెద్దాయన, మా ఆయనకి వరసకి అన్న, నాకు బావగారు, ఆయనే దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఒరే తమ్ముడూ, నీ సెరుకు మేం నరికేస్తాం. నువ్వేటీ బదులు రానక్కర్లేదు. సుబ్బరంగా ఇంట్లో కూకో."

మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మధ్యాహ్నం మా ఆయన కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. ఊరికే చేయించుకోవడం తన వల్ల కాదన్నాడు. బదులు ఇవ్వలేకపోతే పొలం కౌలుకిచ్చేసి ఇంట్లో కూర్చుంటానన్నాడు. ఇంట్లో కూర్చునే మనిషి కాదని నాకు తెలుసు. భయం వేసింది. మంచం పట్టినవాళ్ళకన్నా, పని లేక మంచం మీద కూర్చున్నవాళ్ళే తొందరగా చిక్కిపోవడం మా వీధిలోనే చూశాను.

అందుకే ఆ చిన్న ట్రాక్టరు కొన్నాం. ఎలా కొన్నామన్నది వేరే ఏడుపు. దేవరాపల్లిలో ఒకాయన అమ్ముతున్నాడంటే వెళ్ళాం. ముందు వైపు మట్టీ గత్తం ఎత్తిపోసే లోడరు చేతులున్నాయి, వాటికి తగిలించే ఇనప తొట్టి, అదే బకెట్, మాత్రం లేదు. అదెప్పుడో విడిగా అమ్మేశాడట. చేతులున్నాయి కదా, బకెట్‌దేముంది, దొరక్కపోదు అనుకున్నాం. మా ఆయన ముఖంలో చాలా రోజులకి వెలుగు చూశాను. దారి పొడవునా ఒకటే మాట, "ఇంక ఆదివారం నా వంతు నాను సెప్తాను" అని.

బకెట్ దొరకలేదని కాదు. అనకాపల్లి షాపుల్లో వరసగా బోర్లించి ఉన్నాయి, పసుపువి, ఎర్రవి. ఏ కంపెనీ లోడరు అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. మా లోడరు ఏ కంపెనీదీ కాదు, ఎవరో వెల్డింగ్ షాపులో కట్టించింది. బకెట్ వెనక ఇనప చెవులుంటాయి. లోడరు చేతులు ఆ చెవుల మధ్య దూరాలి, రెండింటి బెజ్జాలూ కలవాలి, అప్పుడు పిన్ను దిగుతుంది. ఒకదానికి చెవుల ఎడం ఎక్కువ. ఇంకోదానికి ఎడం సరిపోయింది కానీ పై బెజ్జం, కింది బెజ్జం మధ్య దూరం వేరు. అలాంటిది తగిలిస్తే బకెట్ పైకి లేస్తుంది కానీ బోర్లపడదు. షాపులో కుర్చీ మీంచి లేవకుండానే ఒకాయన, "ఏదైనా సెట్టయిపోద్దమ్మా, సెవులు కోసి మళ్ళీ అతికించుకోండి" అన్నాడు. కోసి కుట్టుకోవడానికి అదేమైనా చొక్కా బొత్తామా అని నాకు ఒళ్ళు మండింది.

ఆ రాత్రుళ్ళు ఫోన్లో వీడియోలు చూసి నేను ఒకటి అర్థం చేసుకున్నాను. లోడరు మోసే బరువులో బకెట్ బరువు కూడా కలిసే ఉంటుంది. బకెట్ పెద్దదైనకొద్దీ అందులో వేసే సరుకు బరువుకి మిగిలేది తక్కువ. పైగా మాది చిన్న బండి. బకెట్ వెడల్పు ముందు చక్రాల వెడల్పుకి సరిపోతే చాలు. ఇదే ఆయనకి చెప్పాను.

ఆయన వినలేదు. వినకపోవడానికి కారణం బెల్లం గానుగ. మా వైపు బెల్లం కాగినన్నాళ్ళూ ఎండిన చెరకు పిప్పి తట్టలకెత్తి పొయ్యి దగ్గరికి మొయ్యడమే పెద్ద పని. పిప్పి తేలిక, కానీ చోటు తినేస్తుంది. అందుకే ఎవరి తట్ట పెద్దదైతే వాడే గట్టి పనివాడు. మా ఆయన తట్ట ఊళ్ళో అందరికన్నా పెద్దది. దాన్ని చూసే నన్నిచ్చారని మా పిన్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఆ మనిషి చిన్న బకెట్ కొంటాడా.

"సూడు, దీన్లో రెండు తట్టల పిప్పి కూడా పట్టదు" అన్నాడు షాపులో చిన్న బకెట్‌ని కాలితో తన్ని. "నవ్వుతారే నన్ను."

"పిప్పి కాదు కదండీ, మీరు ముందు ఎత్తాల్సింది గత్తం. తడి గత్తం."

"అదీ ఇదీ ఎత్తుతాది. నీకేటి తెలుసు, ఒగ్గీ."

అలా పెద్ద బకెట్ వచ్చింది. చెవులు కోయించి, ఎడం సరిచేయించి, వదులుగా ఉన్న పిన్నుల చుట్టూ బుష్షులు, అంటే ఇనప గొట్టాలు, వేయించాం. తగిలించాక ఆ చిన్న బండి ముందు అది తండ్రి చెప్పులేసుకున్న పిల్లాడిలా ఉంది. ఆదివారం గేటు దగ్గర ఆయన గుంపు మధ్యలో నిలబడి, బావగారి గత్తం తనే ఎత్తుతానని చెప్పాడు.

ఎత్తాల్సిన రోజుకి ముందురోజు వాన కురిసి కుప్ప నానింది. అందరూ చూస్తుండగా ఆయన బకెట్‌ని కుప్పలోకి దింపి నిండా తీసుకున్నాడు. పైకెత్తేసరికి వెనక చక్రాలు నేల వదిలాయి. బండి ముక్కు మీద వాలిపోయింది. సెలవు కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. బావగారూ, మరో ముగ్గురూ పరుగెత్తి వెనక మడ్గార్డుల మీద, ఇనప కమ్మీల మీద ఎక్కి కూర్చుంటే చక్రాలు కిందికి దిగాయి.

"మమ్మల్ని కూడా మోసేత్తావురా" అని ఒకాయన నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. వాళ్ళలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. మా ఆయన మాత్రం స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ ఉండిపోయాడు. నా మాటే నెగ్గిందని నాకు ఏ కోశానా సంతోషం కలగలేదు. అప్పుడే అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

తర్వాతి ఆదివారం ఆయన ఆరాధనకి రాలేదు. ఆ వారం ఒక సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి పెరట్లో బండి ముందు కూర్చుని, టేపుతో చక్రాల ఎడం కొలుస్తున్నాడు. నేను టేపు రెండో కొస పట్టుకున్నాను.

ఈసారి చక్రాల వెడల్పుకి సరిపోయే చిన్న బకెట్ తెచ్చాం. చెవుల ఎడం, బెజ్జాల దూరం, పిన్ను మందం అన్నీ ముందే కొలుచుకుని వెళ్ళాం. వెనక బరువుకి ఒక ఇనప డ్రమ్ములో సిమెంటు పోయించి తగిలించాం. ఇంత చిన్నదాంతో ఏం పనవుతుందోనని ఆయనకి బెంగే. కానీ మళ్ళీ బావగారి కుప్ప దగ్గరికెళ్తే, ఆ చిన్న బకెట్ చకచకా ఎత్తి పోసింది. వెనక చక్రాలు నేల వదల్లేదు. పారలు, తట్టలు పట్టుకుని వచ్చినవాళ్ళు కాసేపు గట్టు మీద నిలబడి చూశారు. చెయ్యడానికి వాళ్ళకేమీ మిగల్లేదు. ఒక్కొక్కరే తట్టలు తలల మీద బోర్లించుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. నలుగురు మోసే కుప్ప పొద్దెక్కకముందే అయిపోయింది.

బదులు పని ఉన్న రోజు, ఎవరి పనైతే వాళ్ళింటి వసారాలో అందరికీ వరసగా భోజనం పెడతారు. ఆరోజు మా ఆయన ఒక్కడే కూర్చున్నాడట. తిని చెయ్యి కడుక్కుంటుంటే బావగారు వచ్చి అడిగాడట, గంటకి ఏటి తీసుకుంటావురా, సెప్పు అని.

"బదులు కదన్నా" అన్నాడట ఈయన.

"బండికి బదులేటిరా? మా నలుగురి పనీ అదే సేసేత్తాది. దానికి బదులు మేం నీ సెరుకు ఎన్నాళ్ళు నరికితే తీరుతాది, నువ్వే సెప్పు."

ఇదంతా ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే మంచం మీద కూర్చుని నాతో చెప్పాడు. కోపంగా చెప్పలేదు. బావగారి మాటలో తప్పెక్కడుందో వెతుకుతున్నట్టు ఒక్కో మాటా మెల్లిగా చెప్పాడు. నాకూ తప్పు దొరకలేదు. దొరికితే బాగుండును, ఇద్దరం కలిసి బావగారిని తిట్టుకునేవాళ్ళం. "మీరేమన్నారు?" అని అడిగితే, "ఏటంటాను, నీకు తోసినంత ఇయ్యన్నాను" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు ఆరాధన అవగానే నేరుగా ఇంటికొచ్చేస్తాం. గేటు దగ్గర నిలబడాల్సిన పని లేదు. అవసరమైనవాళ్ళు ఫోన్ చేస్తారు. ఆయన ఫోన్ ఎత్తడని అందరూ నాకే చేస్తారు. మొన్న పొద్దున్న అలాగే మా వీధిలోనే ఒకాయన చేశాడు. నేను వంటింట్లో పిండి చేతులతో ఉండి స్పీకరు పెట్టాను. మా ఆయన పక్క గదిలో, బండెక్కేముందు రోజూ వేసుకునే బెల్టు నడుముకి బిగించుకుంటున్నాడు.

"అక్కా, రేపు బండి కాళీయేనా? అన్నకి నడుం బాగోదు కదా, ఆయనే రానక్కర్లేదు. ఎవర్నో ఒక డ్రైవర్ని పంపినా సాలు."

నేను గది వైపు చూశాను. ఆయన బెల్టు బిగించడం ఆపలేదు.

"డ్రైవరు వస్తాడని సెప్పు" అన్నాడు.