తిరుగు పలక మీద పద్నాలుగో ముద్ర

ఫుమియె అక్క చేతికి ఏది ఇచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. పెళ్ళికి కట్టుకొచ్చిన పట్టు కిమోనో అయినా సరే, లోపలి కుట్టు చూడందే బాగుందని అనదు. ఇరవై మూడేళ్ళు కుట్టు ఫ్యాక్టరీలో కాలర్లు తనిఖీ చేసిన మనిషి. పైకి కనబడేదాన్ని నమ్మితే ఆ ఉద్యోగం మొదటి వారమే ఊడేది. ఫ్యాక్టరీ పోయి పదిహేనేళ్ళయినా ఆ బుద్ధి పోలేదు. మందు సీసా, ఎన్నికల కరపత్రం, చివరికి నేనిచ్చే తోఫు డబ్బా, ఏదైనా ఆమె చేతిలో ఓసారి బోర్లా పడాల్సిందే.

ఆ ఫ్యాక్టరీ మా కొండల్లోకి వచ్చిందే ఒక పథకం కింద. వెనకబడిన ప్రాంతాన్ని ముందుకు తేవాలని ప్రభుత్వం స్థలం ఇచ్చింది, పన్నులు మాఫీ చేసింది, పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించి వెళ్ళారు. రాయితీలు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి గడువు దగ్గర పడుతుండగా సంగతి పసిగట్టింది ఫుమియె అక్క ఒక్కతే. విరిగిన సూదుల చోట కొత్తవి తెప్పించడం మానేశారట. సూదులు కొననివాడు ఇంకేం కుడతాడని తోటివాళ్ళతో అంటే, అపశకునం మాటలు మాట్లాడొద్దని కసిరారు. నాలుగు నెలలకు గేటుకు తాళం పడింది. నూట ఎనభై మంది ఆడవాళ్ళు ఇంటిదారి పట్టారు. వాళ్ళలో సగం మంది మరుసటేడు ఊళ్ళే వదిలేశారు.

మా ఊరు కురోదానిలో ఇప్పుడు మిగిలింది పద్నాలుగు ఇళ్ళు. వంతెన దాటాక ఇంకో నాలుగు కిలోమీటర్లు పైకెక్కాలి. టౌను ఆఫీసు కాగితాలు మాకు తిరుగు పలక మీద వస్తాయి. క్లిప్పున్న పలక అది. మన గడిలో సంతకానికి బదులు ఇంటి ముద్ర వేసి, పలకను పక్కింటి గుమ్మంలో పెట్టి రావాలి. ఒక రోజుకు మించి ఉంచుకుంటే నలుగురిలో చులకన. అందుకే ఎవరూ చదవరు, అందరూ ముద్ర వేస్తారు. మొదటి ఇల్లు ఊరిపెద్ద ఉకాయి గారిది. పదమూడోది ఫుమియె అక్కది. చిట్టచివరి పద్నాలుగోది మాది.

కిందటి శరదృతువులో టౌను ఆఫీసు నుంచి నగతోమి అనే అధికారి కొత్త పథకంతో వచ్చాడు. ఏ ఊరికి ఏం కావాలో ఆ ఊరే రాసుకోవాలట, టోక్యోలో కూర్చున్నవాళ్ళకు మా కొండల సంగతి ఏం తెలుసని ఆయనే అన్నాడు. మా వాళ్ళు పొంగిపోయి చేమదుంపల పులుసు మూడు గిన్నెలు పోశారు, ఆయన మూడూ తాగాడు. నేను అడిగింది ఒక్కటే. చలికాలం మంచు తోసే బండి చివరి ఇంటిదాకా రావాలి. మా ఆయనకు వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి, దారి మూసుకుపోతే మనిషి దక్కడు. నా ఎదుటే నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను వంగి దండం పెట్టాను. ఆ నోటుబుక్కు తర్వాత ఎవరు చదువుతారని మూల నుంచి ఫుమియె అక్క అడిగితే, ఈవిడ నోటికి మంచి మాటే రాదని అందరం నవ్వుకున్నాం.

నవంబరులో ప్రణాళిక పలకెక్కింది. ముప్పై రెండు పేజీలు. శుక్రవారంలోగా పద్నాలుగు ముద్రలతో ఆఫీసుకు చేరకపోతే ఊరు పథకం నుంచి జారిపోతుందని ఉకాయి గారు కబురు చేశారు. సోమవారం పలక ఫుమియె అక్క ఇంట్లోకి వెళ్ళడం కళ్ళారా చూశాను. మంగళవారం మా ఇంటికి రాలేదు. బుధవారమూ రాలేదు. తోఫు పట్టుకెళ్తే గుమ్మంలోనే అందుకుని, ముఖం చూడకుండా తలుపేసుకుంది.

అనుమానానికి మేత దొరకడం ఎంతసేపు? అంతకుముందు ఆదివారం నగతోమి గారి తెల్లకారు ఆమె ఇంటి ముందు గంటసేపు ఆగింది. ఒంటరివాళ్ళ కోసం టౌన్లో కొత్త ఇళ్ళు కడుతున్నారని సంతలో విన్నాను. ఒకటికి ఒకటి అతికించుకున్నాను. తనకో ఇల్లు చూసుకుని, పలక తొక్కిపెట్టి, మమ్మల్ని మంచులో వదిలేస్తోందని తేల్చుకున్నాను. ఇరవై ఏళ్ళు ఒకే దండెం మీద ముల్లంగి ఆరబెట్టుకున్నాం ఇద్దరం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా అలాగే నమ్మాను.

గురువారం పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను. "పలకేదక్కా?"

"ఆ మాట నువ్వే చెప్పాలి మిత్సుయో," అంది. "వాళ్ళు నీకేం ఇస్తామన్నారు?"

"నాకా? తెల్లకారు ఆగింది నీ గుమ్మంలో. మా గుమ్మంలో కాదు."

"ఆగింది. కిందికి మారిపొమ్మని గంటసేపు పోరు పెట్టాడు. టీ పోసి పంపించాను." లోపలికెళ్ళి పలక తెచ్చి, చివరి పేజీ నా ముందు పెట్టింది. "ఇది చూడు. నా చేతుల్లోంచే కదా నీ చేతికి రావాలి? నాకంటే ముందు నీ ముద్ర ఎట్లా పడిందే?"

పదమూడో గడి ఖాళీగా ఉంది. పద్నాలుగో గడిలో మా ఇంటి ముద్ర ఎర్రగా, తిన్నగా పడి ఉంది. నేను వేసింది కాదది.

ఆమె ఇరవై ఏడో పేజీ తీసింది. పై వాడల వారు స్వచ్ఛందంగా కిందికి మారే క్రమంలో మంచు తొలగింపు వంతెన వరకే జరుగునని అక్కడ ఉంది. ముద్రల గడుల పైన ఎప్పుడూ 'చూశాను' అని ఉండే చోట ఈసారి 'అంగీకరిస్తున్నాను' అని ఉంది.

"మొగుణ్ణి నువ్వే వంతెన కాడ దించేశావనుకున్నా," అంది. "మూడ్రోజుల్నుంచి నీ తోఫు నా గొంతు దిగట్లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ క్రితం మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మా వల్ల కాగితాలు ఆగకూడదని చవకరకం ముద్ర ఒకటి ఉకాయి గారికి ఇచ్చి వచ్చాను. తిరిగి తీసుకోవడం మరిచాను. ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. బిస్కెట్ల డబ్బా తెరిస్తే అందులో అయిదిళ్ళ ముద్రలున్నాయి. పని తొందరగా అవుతుందని మొదటి రోజే అయిదూ వేసేశాడట.

"చదవలేదమ్మా. ఎప్పుడూ చూశాననే కదా ఉండేది," అన్నాడు తల దించుకుని. ఫుమియె అక్క ఆ మాట నేటికీ నమ్మదు. నాకైతే తెలియదు.

వేసిన ముద్రను రద్దు చేయాలంటే దాని మీద రెండు గీతలు గీసి, పక్కనే అదే ముద్ర మళ్ళీ వేయాలి. ఆ రోజు తిరుగు పలక మొదటిసారి వెనక్కి నడిచింది, మా ఇంటి నుంచి ఉకాయి గారి ఇంటికి. ఇంటింటి దగ్గరా ఫుమియె అక్క ఇరవై ఏడో పేజీ చదివి వినిపించింది. కొందరు తిట్టారు, అయినా గీతలు గీశారు.

శుక్రవారం దాన్ని నగతోమి గారి బల్ల మీద పెట్టాం. మాటలు పైవాళ్ళు మార్చారని ఆయన గొణిగాడు, చెవులు ఎర్రబడ్డాయి. నోటుబుక్కు చూపించమన్నాను. మంచు బండి చివరి ఇంటిదాకా రావాలన్న నా మాట పొల్లుపోకుండా అందులో ఉంది. దాన్ని దాటి ఎక్కడికీ పోలేదు, అంతే. ఫుమియె అక్క మాత్రం ఒక్కటే అడిగింది.

"మంచు బండికి కొత్త బ్లేడు ఆర్డరిచ్చారా?"

ఆయన ఫైలంతా తిరగేశాడు, ఆర్డరు కాగితం ఎక్కడా లేదు.

డిసెంబరు నడుమ పలక మళ్ళీ బయల్దేరింది. గడువు జరిపారు, ఇరవై ఏడో పేజీ మార్చారు, బ్లేడు ఆర్డరు నకలు జతచేశారు. ఈసారి ఫుమియె అక్క పలకను గుమ్మంలో పెట్టి పోలేదు. లోపలికొచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను చదివేదాకా కదలనంది. బయట మంచు బండి వంతెన దాటి మా వైపు గీరుకుంటూ వస్తున్న చప్పుడు, మా ఆయన ఆసుపత్రికి బూట్లు వేసుకుంటున్నాడు. నేను వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను.

"మంచు బండి మనదాకా రావడం రెండు చలికాలాలకేగా అక్కా," అన్నాను.

"అమ్మయ్య, ఇప్పుడు చదివావు," అంది.

గడుల పైన ఏముందో ఇంకోసారి చూశాను. 'చూశాను' అనే ఉంది. ఉకాయి గారి డబ్బాలోంచి తెచ్చుకుని మెడలో తాడుకు కట్టుకున్న ముద్ర బయటికి తీసి వేశాను.