ఖాడీ ఒడ్డున తంగేడు నేల

మొన్న గ్రంథాలయంలో గుజరాతీ పత్రిక తిరగేస్తుంటే, ఏదో కొత్త రోడ్డు గురించి ప్రజల అభిప్రాయాలు కోరుతూ వేసిన ప్రకటన కంటపడింది. ఇంట్లో కూర్చుని ఫోనులోనే పంపాలట. అది చదువుతుంటే, మూతికి గుడ్డ కట్టుకుని మనిషికి మనిషి దూరంగా నిలబడిన ఆ కరోనా కాలంలో, సర్కారు ఉద్యోగిని ఒకామె మగ్గాల పనికి ఈ గుజరాతీ నేలకు వలసొచ్చిన మా తెలుగువాళ్ల డిండోలి గల్లీకే వచ్చి మా మాట అడిగిన రోజు గుర్తొచ్చింది.

రాష్ట్రమంతటా ఏయే నేలలను కట్టడాలకు ఇవ్వకుండా కాపాడాలో ప్రణాళిక తయారవుతోందనీ, జనం చెప్పింది రాసుకుంటారనీ గల్లీలో చాటింది నేనే. బడి చదువు అయిదుతోనే ఆగినా, మగ్గాల షిఫ్టు దిగాక గ్రంథాలయంలో కూర్చుని గుజరాతీ నేర్చుకున్నవాణ్ణి. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. మా ఇళ్ల వెనక ఖాడీ, అంటే వాగు, దాని ఒడ్డున ఖాళీ జాగా ఉండేది. కాగితాల్లో అది పనికిరాని నేల, గోదాములు కడతారని అప్పటికే పుకారు. మా ఆడవాళ్లకు మాత్రం బతుకమ్మకు తంగేడు, గునుగు దొరికే చోటు అదొక్కటే.

ఆమె వచ్చే పొద్దున నేను షిఫ్టు దిగి వెళ్లేసరికి ఆ జాగా గుండు గీసినట్టుంది. కొడవళ్లతో, చీపుర్లతో ఆడవాళ్లంతా చెమటలు తుడుచుకుంటున్నారు. నరికిన తంగేడు ఒక మూల కుప్పగా పడి ఉంది.

“ఏందే ఇది?” అని మా ఆవిడ మీద అరిచాను.

“సర్కారోళ్లు చూడొస్తున్నరంటివి గద! సుట్టాలొస్తే ఇల్లు ఊడ్వమా?”

“జర ముందుగాల చెప్తే ముగ్గు గూడ ఏద్దుము, మరిదీ,” అంది మా వదిన.

అంతలో ఆ ఉద్యోగిని రానే వచ్చింది. బోసి నేలను చూసి, ఇక్కడ కాపాడటానికి ఏముందని హిందీలో అడిగింది. గడ్డి వేళ్లు వరదలో ఒడ్డును ఎలా పట్టి ఉంచుతాయో పుస్తకాల్లో చదివిందంతా తడబడకుండా చెప్పాను. ఓపికగా విన్నదే గాని, ఆమె చూపు ఆ బోసి నేల మీదే ఉంది. అప్పుడు మా వదిన కుప్పలోంచి పసుప్పచ్చని పూలున్న కొమ్మ లాగి ఆమె ముందు పట్టింది.

“కాటే తో భీ ఫిర్ ఆతా మేడమ్, జడ్ అందర్ హై నా!”

కోసినా మళ్లీ వస్తుంది, వేరు లోపలే ఉంది అని. ఈ మొక్కను గుజరాతీలో ఆవళ్ అంటారని నేను అందించాను. గుడ్డ పైన ఆమె కళ్లు నవ్వాయి. తమ ఊళ్లోనూ ఉండేదంటూ, పండుగ గురించి అడిగి అడిగి రాసుకుంది.

ఆ నేల ప్రణాళికలో చేరింది. గోదాములు రాలేదు. మా గల్లీ మాటకు విలువుందని ఎవరి ముందైనా ధీమాగా చెబుతాను. కాకపోతే కొంతకాలానికి చుట్టూ తీగ కంచె, తాళం, పూలు కోయరాదని ఒక బోర్డు వచ్చాయి. దాన్ని మా వాళ్లకు చదివి చెప్పిందీ నేనే.

“కాపాడుమంటిమి, కాపాడిండ్రు. మేం కోసుకుంటమని చెప్పుడే మర్శినం,” అని మా ఆవిడ నవ్వింది.

ఇప్పుడు పూలు బజార్లో తూకానికి కొంటాం. మా మనవరాళ్లకు బతుకమ్మంటే బంతిపూలే. వానలు వెనకపట్టాక కంచె దగ్గరికి వెళ్తే లోపల నేలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. మేము తిరిగిన రోజుల్లో ఎన్నడూ అంత పూత చూడలేదు. కోసే చేతులుండేవి కదా.