ఎడమ పక్క కోసిన బండి

ఆ చలికాలంలో నా ఎడమ పక్క పడిపోయింది. ధర్మవరం నుంచి తెచ్చిన పట్టుచీరలకు ఇంట్లో కూర్చుని కుచ్చులు కట్టేదాన్ని. చేతిలోంచి కొంగు జారితే తీసుకోబోయాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి హిందూపురం ఆసుపత్రిలో ఉన్నాను. మా అత్త నా మంచం పక్కనే కూర్చుని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూడడానికి వచ్చినవాళ్లందరూ నా మొహం వంక చూసేవాళ్లు. కాసేపు చూసి, కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

మా ఊరు పెనుకొండకు తిరిగొచ్చాక పగలంతా వసారాలో కుర్చీలోనే ఉండేదాన్ని. ఎదురుగా వాకిట్లో ఆ బండి ఉండేది. మా ఆయన హిందూపురంలో ఒక ఫైబర్ షెడ్డులో పనిచేస్తాడు, నీళ్ల ట్యాంకులు, బాత్రూమ్ తలుపులు తయారుచేస్తారు. హైవే పక్కన ఏదో రిసార్టు మూసేస్తుంటే, ఇసుకలో తిప్పే ఆ బగ్గీని నాకు జబ్బు చేయకముందే కొనుక్కొచ్చాడు. గేర్లు లేవు, తలుపులు లేవు, పైకప్పు లేదు. పడవలాంటి ఫైబర్ బాడీ, లోపల ఒకే పొడుగాటి సీటు. ఎక్కాలంటే పక్క గోడ మీదుగా కాలు ఎత్తి లోపల పెట్టాలి.

ఒక ఆదివారం నన్ను లేపి దాని పక్కన నిలబెట్టాడు.

"కాలు ఎంతెత్తు లేస్తాదో చూపీమ్మే."

ఎత్తాను. ఎత్తాననే అనుకున్నాను. పాదం నేల మీదే ఉందో, లేచిందో నాకు తెలియలేదు. అతను మాత్రం వంగి చూసి, సుద్దముక్కతో బాడీ మీద గీత గీశాడు. ఆ గీత దాదాపు బండి అడుగుకు దగ్గరగా ఉంది.

బాడీని చట్రం నుంచి విప్పి, ఆ గీత దాకా గ్రైండర్‌తో కోశాడు. తెల్లటి పొడి వాకిలంతా లేచింది. తడిబట్ట కప్పుకోమన్నాడు కానీ నేను కప్పుకోలేదు. సాయంత్రానికి కుడిచేయంతా ఒకటే దురద. ఎడమచేతి మీదా అదే పొడి పడింది, అక్కడ ఏమీ లేదు. మా అత్త ఆ చేతిని కూడా కడిగింది.

బాడీని మళ్లీ చట్రం మీద పెట్టి బోల్టులు బిగించేటప్పుడు టప్‌మని చప్పుడైంది. కోసిన మూల నుంచి అడుగుదాకా పగులు. అతను స్పానరు కింద పెట్టి, బండికి వీపు ఆనించి కూర్చున్నాడు. మా అత్త లోపలి నుంచి వచ్చి, ఉన్న బండిని కూడా పాడు చేసుకున్నావని మెల్లగా అంది. అతన్ని చూసి జాలిపడాలని నాకు తెలుసు. తెలియడం వరకే.

ఆసుపత్రిలో కసరత్తులు చేయించే అమ్మాయి ఆటో ఎక్కడం నేర్పింది. ముందు వెనక్కి తిరిగి కూర్చోవాలి, కాళ్లు తర్వాత. అదే చెప్పాను.

"అంత కిందికి కోయాల్సిన పనిల్యా. ముందు కూచుంటా. కాళ్లు తర్వాత తిప్పుకుంటా. నేను కూచునేకి ఆడ రోంత జాగా ఉంటే చాలు."

అతను తలెత్తి చూశాడు. "గోడ మీద కూచుంటావా?"

"అరుగు మాదిరి చెయ్యి."

మర్నాడు షెడ్డు నుంచి రెసిను జిగురు, ఫైబర్ మ్యాట్ అడిగి తెచ్చుకున్నాడు. పగులు చుట్టూ అరగదీసి, మ్యాట్ ముక్కలు పరిచి, బ్రష్‌తో రెసిను తడుపుతూ పొర మీద పొర వేశాడు. లోపల ఒక ఇనుప పైపు పెట్టి దాని మీద కూడా వేశాడు. ఘాటు వాసనకు మా అత్త పక్కింటికి వెళ్లి కూర్చుంది. కోసినచోట పక్క గోడ మళ్లీ నా మోకాలి ఎత్తుకు లేచింది, పైన వెడల్పుగా, మూలలు గుండ్రంగా. ఆరాక అతనే ముందు దాని మీద కూర్చుని ఊగి చూశాడు.

కాగితాలు లేని బండి కాబట్టి రోడ్డెక్కలేదు. ఆ అరుగు మీదుగా నేను ఎక్కాక, ఇంటి వెనక మట్టిదారిలో వంక దాకా వెళ్లాం. వంకలో నీళ్లు లేవు, అంతా ఇసుకే. ఎట్లుండాదని అడిగాడు. బాగుండాదన్నాను. అతను దానికోసమే చూస్తున్నాడు కాబట్టి అన్నాను.

వంక మధ్యలో వెనక చక్రాలు కూరుకుపోయాయి. అతను దిగి నెట్టి చూశాడు, కదల్లేదు. స్టీరింగ్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఈపక్కకు జరుగుమ్మే. నేను నెడతా, నువ్వు తొక్కు."

"నా వల్ల యాడైతాది?"

"కుడికాలుతో కదా తొక్కేది."

సీటు మీద పాక్కుంటూ జరిగాను. కుడిచేత్తో స్టీరింగ్ పట్టుకున్నాను. అతను వెనక నుంచి తొక్కమన్నాడు. తొక్కాను. బండి ఒక్కసారి ముందుకు దూకింది. అతను చేతుల మీద బోర్లా పడ్డాడు. కాలు తీయడం నాకు తోచలేదు. గట్టినేల వచ్చేదాకా అట్లాగే పోయి, అప్పుడు బ్రేకు మీద కాలేశాను. ఇంజిను గుడగుడలాడుతోంది. నా ఊపిరి నాకే వినిపించింది, పరిగెత్తినప్పుడు వినిపించినట్టు.

అతను ఇసుక దులుపుకుంటూ నడిచొచ్చాడు. స్టీరింగ్ దగ్గరకు రాకుండా బండి చుట్టూ తిరిగి, నేను ఎక్కిన ఎడమ పక్కకు పోయి కూర్చున్నాడు. అక్కణ్నుంచి ఇంటిదాకా నేనే నడిపాను. మా అత్త వాకిట్లో నిలబడి చూసింది. గేటు బార్లా తీసింది.