రాజవ్వ కుట్టిన బతుకమ్మ

మొన్న సూరత్‌లో, మేముండే ఉధ్నాలోనే ఒక గుడ్డల కొట్టుకు వెళ్లాను. కొట్టతను పసుపుపచ్చ ఫెల్ట్ తాను విప్పి బల్ల మీద పరిచాడు. ఊరికే చేయి వేశాను. అంట్లు తోమి గరుకెక్కిన నా వేళ్లకు ఆ మెత్తటి నూగు పట్టుకుని సన్నగా లాగింది. లింబాయత్‌లో మా పాత ఇంటి వసారా, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్న రాజవ్వ, ఆమె ఒడి నిండా రంగురంగుల ముక్కలు ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

కరోనా వచ్చిన ఏడాదే నేను పెళ్లయి సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చాను. మా మామ, మా ఆయన ఇద్దరూ మరమగ్గాల మీద పనిచేసేవారు. కాపురానికి వచ్చిన కొద్ది వారాలకే లాక్‌డౌన్ పెట్టారు. రాత్రింబవళ్లు గల్లీని అదరగొట్టే మగ్గాలు నోరు మూసుకున్నాయి. నాకు హిందీ అంతంతమాత్రం, గుజరాతీ అసలే రాదు. పొద్దంతా వసారాలో కూర్చుని ఎదురు గోడను చూస్తుండేదాన్ని. రాజవ్వది మా పక్క గది. యాభై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది. కూతురు సూరత్‌లోనే పర్వత్ పాటియా వైపు కాపురం చేసుకుంటోంది. ఒక చిన్న కార్ఖానాలో ఫెల్ట్ గుడ్డతో క్రిస్మస్ నక్షత్రాలు, దీపావళి తోరణాలు కుట్టడం ఆమె పని. కార్ఖానా మూసేటప్పుడు సేఠ్ మిగిలిన ముక్కలన్నీ గోనెసంచుల్లో నింపి ఆమెకే ఇచ్చేశాడు.

"ఏంది బిడ్డా, గట్ల గోడను సూస్తున్నవ్? అదేమన్న మాట్లాడుతదా? రా, గీ సూది వట్టు," అంది ఒకరోజు.

నాకు కుట్టు రాదన్నాను. "రాకుంటెనే మంచిది. వచ్చినోళ్లు నా మాట వినరు," అని నవ్వింది. నేను కుట్టిన మొదటి నక్షత్రం ఎటు తిప్పి చూసినా బెండకాయ ముక్కలాగే ఉంది. సిగ్గుపడి దాచబోతే లాక్కుని తన తలుపుకే తగిలించింది. "మొదటి కాన్పు బిడ్డా. ముద్దు చెయ్యాలె గని వంకలు వెడతరా?" ఆ ఊళ్లో నేను నవ్విన మొదటి నవ్వు అదే అనుకుంటాను.

మా మామకు మాత్రం ఈ పని రుచించలేదు. పుట్టుకతో నేతగాడు. ఒక ముక్క తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "పడుగు లేదు, పేక లేదు. గిదేం బట్ట చెల్లె?" అన్నాడు. "నేసింది కాదన్నా, ఒత్తింది. నీ బట్ట కోస్తె పోగులు ఊడుతయి. దీన్ని యాడ కోసినా ఒక్క పోగు రాదు," అని రాజవ్వ అంది. మామ ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు గానీ, ఆ ముక్కను మాత్రం జేబులో వేసుకోవడం నేను చూశాను.

బతుకమ్మ పండుగ దగ్గరపడింది. పెళ్లయిన మొదటి ఏడాది ఆడపిల్ల పుట్టింటికి వెళ్లాలి. రైళ్లు సరిగ్గా నడవడం లేదు. పైగా మామకు ఉబ్బసం, దారిలో ఏదైనా అంటించుకొస్తే ఎట్లా? రానని అమ్మకు నేనే చెప్పాను. ఫోన్‌కు అటు ఆమె, ఇటు నేను ఏడ్చాం. ఇక్కడైనా ఆడదామంటే పూలు లేవు. ఏటా తంగేడు, గునుగు మన వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లెవరో మూటకట్టి తెచ్చేవారట. ఆ ఏడు ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున రాజవ్వ ఒక సంచిని మా గుమ్మంలో బోర్లించింది. "జర సూడు బిడ్డా, తంగేడు రంగు గిదే గదా?"

"గుడ్డపూలతో బతుకమ్మను పేరిస్తే తప్పు కాదా అత్తా?" అన్నాను భయంగా.

"పైన పసుపు గౌరమ్మను నిజంగనే వెడదాం. కిందియి మన చేతులు పూసిన పూలు. అమ్మవారికి తెల్వదా, మనం ఎట్లున్నమో?"

తెల్లటి పట్టీని అంచు పొడవునా సన్నగా కత్తిరించి చుట్టచుడితే గునుగు వచ్చేసింది. తంగేడు దగ్గరే మామ మా వెనక వచ్చి నిలబడ్డాడు. "తంగేడుకు ఐదు రేకులు చెల్లె. ఆరు కోసినవ్. ఇటు తే ఆ కత్తెర," అని చతికిలబడ్డాడు. ఆ తర్వాత కత్తిరింపంతా ఆయనదే. మేం ఎంత బతిమాలినా కత్తెర ఇచ్చేవాడు కాదు. రాజవ్వ గల్లీలోని ప్రతి ఇంటికీ కిటికీలోంచి ముక్కలు అందించింది. ఎవరింట్లో వాళ్లు కుట్టారు.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మేడ మీద ఎడంఎడంగా నిలబడి, ముక్కుకు గుడ్డలు కట్టుకునే పాడుతూ ఆడాం. ఫోన్‌లో చూసిన అమ్మ, "ఏం పూలు బిడ్డా గవి, గింత నిగనిగలాడుతున్నయి!" అని ఆశ్చర్యపోయింది. మామ మీసం దువ్వుకున్నాడు. ఆట అయ్యాక ఆ బతుకమ్మను దాచుకుందామని నేను తాంబాళం ఎత్తబోయాను. రాజవ్వ ఆపింది.

"సాగనంపకుంటె పండుగ తీరదు బిడ్డా. నీళ్లల్లకు కాకుంటె ఇండ్లల్లకు సాగనంపుదాం."

వరుస వెంట వరుస విప్పి పూలన్నీ నా కొంగులో పోసింది. ఒక్కో గడపకూ నన్నే పంపింది. విప్పుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. కానీ పొద్దుగుంకేసరికి గల్లీలో తలుపు తలుపుకూ ఒక పువ్వు వేలాడింది. అన్ని నెలలుగా పేరు తెలియని ఆడవాళ్లంతా నన్ను పేరుపెట్టి పిలవసాగారు.

మరుసటి ఎండాకాలం రాజవ్వకే జ్వరం వచ్చింది. గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. గంజి గుమ్మంలో పెట్టి నేను వెనక్కి జరిగేదాన్ని. "పొద్దుగాల లేవంగనే కిటికీకి ఒక బొమ్మ కడ్త. అది కనవడితె నేను మంచిగున్నట్టె. ఊకె కేకలు వెట్టకు," అంది. ఒకరోజు చేప, ఒకరోజు చిలుక, మరోరోజు ఎర్రటి మిరపకాయ. ఒక ఉదయం కిటికీ బోసిగా ఉంది. గంజి చల్లారిపోయింది. తలుపు దబదబా బాదాను. మామ గడ్డపలుగు తెచ్చాడు. అప్పుడు లోపలి నుంచి బొంగురు గొంతు: "ఆగుండ్రి! ఏనుగు కుడుతున్న, తొండం ఇంక కాలె!" గుమ్మంలోనే కూలబడి ఏడుస్తూ నవ్వాను.

ఆ జ్వరం నుంచి ఆమె లేచింది. గంజి మీద అలిగి పచ్చిపులుసు చేయించుకుని మరీ లేచింది. తర్వాత చూపు మందగించి కూతురి దగ్గరకు వెళ్లింది. పోయినేడు అక్కడే, నిద్రలోనే కన్నుమూసింది.

ఇప్పుడు తోరణాలు కుట్టడమే నా పని. అయితే ఆమె నుంచి నాకు దక్కింది ఒక్క కుట్టుపనే కాదు. లింబాయత్ వదిలి ఉధ్నాలో కొత్త ఇంట్లో దిగిన రోజు సామాను విప్పకముందే, నేను కుట్టిన ఫెల్ట్ పూలు నాలుగు చేతపట్టుకుని తెలియని తలుపులు తట్టాను. ఎదురింటి గుజరాతీ ఆవిడ లోపలికి పిలిచి టీ పెట్టింది. ఆమె చెప్పినదాంట్లో సగమే అర్థమైంది. రెండు కప్పులు తాగి, రేపు మా ఇంటికి రమ్మని చెప్పి వచ్చాను.