అమ్మ మోకరించే గుడి

పోయిన ఆదివారం నడికుడి గుడిలో ద్రాక్షరసం పళ్ళెం వరస వెంబడి అమ్మ దగ్గరికి వచ్చింది. ఆ పుల్లటి తీపి వాసన నాకు చిన్నప్పటి నుంచీ ఎరుకే. అమ్మ ఎప్పటిలాగే పళ్ళాన్ని రెండు చేతులతో అందుకుని, తాను తీసుకోకుండా నాకు అందించింది. కొత్తగా వచ్చిన పాస్టరు గారు కుర్రవాడు. వంగి, "తీసుకోండి మామ్మగారూ, నేనేం అడగను" అన్నాడు.

"మీరు అడక్కపోతే సరిపోద్దా అయ్యగారూ? చాటుగా ఇస్తే చాటుగా తాగినట్టేగా" అంది అమ్మ.

అమ్మది బందరు. చంటిపిల్లగా ఉన్నప్పుడే అక్కడి పాత ఆంగ్లికన్ గుడిలో నెత్తిన నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చారు. పెద్దయ్యాక బిషప్పు గారు తలమీద చేతులుంచి స్థిరపరిచారు. నాన్న వాళ్ళది ఈ నడికుడి బాప్తిస్టు సంఘం. తెలివొచ్చి, తానుగా నమ్మి, నీళ్ళలో నిండా మునిగితేనే ఇక్కడ బాప్తిస్మం కింద లెక్క. మునగనివాళ్ళకు ప్రభు బల్ల రొట్టే లేదు, రసమూ లేదు.

"నాలుగు చుక్కలు చల్లితే ఏందే అది, తడపకుండా బట్ట ఉతికినట్టు" అనేది నాయనమ్మ.

"ఒకసారి పుట్టినదాన్ని మళ్ళా పుట్టమంటే ఎట్టా అత్తమ్మా" అనేది అమ్మ, పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల కాలంలో, ఆదివారం కూడా మాకు కోడికూర వడ్డించి, తాను పచ్చిపులుసుతో తినేది. నాన్న మాత్రం నవ్వేవాడు: "కతోలికుల్లా మోకరిస్తారు, మనలా బైబిలు చదువుతారు. మీరు ఎటూ కాదేందే?"

నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో, క్వార్టర్ల దాకా వచ్చే ఘాటుకు తుమ్ముతూ, పాసు మీద రైలెక్కి ఈస్టరుకు బందరు వెళ్ళేవాళ్ళం. దారిలో రైళ్ళు మారి, ఉప్పుగాలి తగిలేసరికి అమ్మ నడకే మారిపోయేది. గుడిలో మైనం వాసన, బల్ల మీద ఊదా గుడ్డ తీసి పరిచిన తెల్లగుడ్డ, అందరూ ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా మోకరించి, ప్రార్థనా పుస్తకంలోని మాటలే కలిసి పలికే ఆ గొంతుల హోరు. మా గుడిలో ఎవరి ప్రార్థన వారిది. నాన్నది పొడుగ్గా, గట్టిగా, అందరూ మెచ్చుకునేలా ఉండేది. బందరులో మున్సిపల్ ఆఫీసరుకూ రిక్షా తొక్కేవాడికీ అవే మాటలు, బల్ల ముందు కమ్మీ దగ్గర మోకరిస్తే ద్రాక్షరసానికి అదే వెండి గిన్నె.

అమ్మ పక్కన మా మేనమామ కూతురు సుగుణ మోకరించేది. ఇద్దరి పెదవులూ ఒక్క తీరున కదిలేవి. అప్పటికింకా బాప్తిస్మం లేని నేను బెంచీలోనే ఉండి చూసేదాన్ని. గిన్నెలో రసం తాగి లేచే అమ్మ ముఖం ఎంత తీరుబడిగా ఉండేదంటే, మా ఇంట్లో నిద్రలో కూడా ఆమెను అలా చూడలేదు. ఆ ముఖం సుగుణకు దక్కింది, నాకు దక్కలేదు.

"మీ దేవుడు మునిగితేగాని గుర్తుపట్టడంటగా" అంది సుగుణ ఒకసారి.

"మీకు పుస్తకం లేకపోతే నోరే పెగలదంటగా" అన్నాను.

తిరుగు రైల్లో అమ్మనడిగాను, అందరివీ ఒకే మాటలైతే నీ మాట దేవుడికి ఎట్టా తెలుస్తదని.

"నా దగ్గర మాటలు అయిపోయిన రోజున కూడా అవి ఉంటాయే" అంది.

తర్వాత నేను బాప్తిస్మానికి సాగర్ కాలువలో మునిగాను. లేస్తూనే నీళ్ళు కారే కళ్ళతో గట్టు మీద అమ్మ కోసం వెతికాను. తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది, సంతోషంగానే. బందరు ముఖం మాత్రం కాదు. నన్ను దేవుడికిచ్చుకున్న రోజున కూడా నేను ఆ గుడిని గెలవలేకపోయాను.

ఇప్పుడు మా క్వార్టర్లు లేవు. బందరు ఇల్లు అమ్మేశారు. అక్కడి గుడిలో కీబోర్డూ డ్రమ్సూ వచ్చాయని, పుస్తకం తెరవడం తగ్గిందని సుగుణ ఫోన్లో చెప్పింది. విని కొంచెం సంతోషించాను. ఈర్ష్యకు వయసు రాదు. అమ్మకు మాత్రం పుస్తకమంతా నోటికే ఉంది. తనను నాన్న సమాధి పక్కనే పెట్టాలని, మట్టి వేసేటప్పుడు తన పుస్తకంలోని మాటలే చదవాలని ఈ మధ్య అడిగింది. పాస్టరు గారు సంఘ పెద్దలను కనుక్కుంటానన్నారు. చోటు సంగతి ఒప్పుకున్నారు. మాటల సంగతి ఇంకా తేల్చలేదు.