గంజి అర్జీ

కరువు ఏడాది రాయచోటి దగ్గరి పల్లెలో ఆడపిల్లల బడికి నేను పంతులమ్మను. పిల్లలు తక్కువని బడి మూసేస్తామంటూ తాఖీదు వచ్చింది. ఏడ్చి మొరపెట్టుకుంటే పైవాళ్లు వినరని, కారణాలు చూపి అర్జీ రాశాను: మధ్యాహ్నం గంజి పోసినప్పటినుంచి పిల్లలు రెట్టింపయ్యారు, గంజి సాగితే బడి నిండుతుంది, నిండే బడిని మూయడం న్యాయం కాదు. మూడుసార్లు చదివినా నా వాదనలో లోపం కనపడలేదు.

"పిల్లలు గంజికే వస్తున్నారని మీరే రుజువు చేశారు. కాబట్టి బడి అక్కర్లేదు," అని జవాబు వచ్చింది.

నేను తాళం వేస్తుంటే ఒక పిల్ల తల్లి వచ్చింది.

"నా బిడ్డ పలకమీద పేరు రాస్తాండాది గదా పంతులమ్మా. అది రాసినావా?"

రాయలేదు. ఆ మాట నాకు తోచనే లేదు. మళ్లీ రాయడానికి గడువూ లేదు.